దిగువిద్య

ఇరువది యేండ్లుగా సంస్కృతమును ఇంగ్లీషును బోధించుచు బ్రతుకుచున్న బడిపంతులను నేను. విమానమన్న మాట వినబడినచో చిరకాలము నాకు తోచినది పుష్పకమే. అది కోరినంతమందిని మోయును, కోరినచోటికి పోవును, కోరినచోట దిగును. ఎట్లు దిగునని నేనెన్నడును ఆలోచింపలేదు. నా విద్యార్థులలో నెవ్వరును అడుగలేదు. అడిగియుండినచో, "అది పరీక్షలో రాదు, కూర్చో" అనియుందును.

ఆ ప్రశ్న అడిగినది మా అక్క. ఆమె ఐదవ తరగతితో చదువు చాలించినది. ఆమె కూతురు, అనగా నా మేనకోడలు, పెండ్లియై అమెరికాలో ఇంజనీరుగా పనిచేయుచున్నది. సెలవుదినములందు అభ్యసించి చిన్నవిమానమును నడుపుటకు అనుమతిపత్రము కూడ సంపాదించినది. పోయిన సంవత్సరము ఒకనాడు ఆమె తల్లికి ఫోనులో ఒక వార్త చెప్పెను: తన ఇంటి కారుషెడ్డులో ఒక విమానమును స్వయముగా కట్టదలచినదట. ఆ మాట ముగిసినదో లేదో అక్క నాకు ఫోను చేసెను.

"ఒరే, ఇంట్లో విమానం చేస్తుందిటరా! అప్పడాలా, వడియాలా? ఆ అబ్బాయి కూడా వద్దనటం లేదు. ఎక్కడం సరే, ఎలాగో ఎక్కుతుంది, దిగడం మాటేమిటి? చదువుకున్నవాడివి, నీ మాటైతే వింటుంది. మానిపించు."

"దిగడం మాటేమిటి" అను ప్రశ్నను నేనానాడు చదువులేని ఆడుదాని బెదురుగా నెంచి నవ్వి త్రోసివైచితిని. ఈ వ్యాసము ఆ నవ్వునకు ప్రాయశ్చిత్తము.

మరునాడు మేనకోడలే పలుకరించెను. ఆమె చిన్ననాటినుండియు దాపరికము లేని పిల్ల. "మామయ్యా, అమ్మ మిమ్మల్ని నా మీదికి పంపిస్తుందని నాకు తెలుసు. రండి, కాని ఒక షరతు. నేను మూడు సంగతులు తేల్చుకోలేక ఉన్నాను. చక్రాలు మడిచేవా, మడవనివా? మూడో చక్రం ముక్కు కిందా, తోక కిందా? దిగేటప్పుడు వేగం చంపడానికి ఏం పెట్టుకోవాలి? పుస్తకాలు పంపిస్తాను. చదివి నాతో వాదించండి. ఓడిస్తే మానేస్తాను."

చదువరులు మన్నింతురు గాక. నేనా షరతునకు ఒప్పుకొన్నది నిష్కపటబుద్ధితో గాదు. పుస్తకములలో ఎచ్చటనో ఒకచోట భయంకరమగు సంగతి దొరకకపోదనియు, దానిని చూపి ఆమెచే ఆ పని మాన్పింపవచ్చుననియు నా యెత్తు. ఆయుధముకొరకు చదువ మొదలుపెట్టితిని.

ఇంటిలో విమానమేమి యని అక్కకువలెనే మీలో కొందరికిని తోచవచ్చును. అమెరికాలో ఇది వింత గాదు. తన విద్యకొరకో వినోదముకొరకో విమానములో అధికభాగమును స్వయముగా కట్టుకొన్నవారికి దానిని ఎగురవేయు హక్కు అచ్చటి శాసనమున గలదు. తనిఖీ చేయువారు వచ్చి చూచి పత్రమిత్తురు. లోనికెక్కుచోట అది ప్రయోగాత్మకమను మాట కనబడునట్లు వ్రాసియుండవలెను. మొదట సాధారణముగా 25 గాని 40 గాని గంటలు ప్రయాణికులను ఎక్కించుకొనక పరీక్షార్థమే నడుపవలెను. ఇట్టివారికై పాల్ పోబెరెజ్నీ 1953లో విస్కాన్సిన్ రాష్ట్రమున స్థాపించిన సంఘము ప్రతి వేసవియందును ఆష్కాష్ పట్టణమున గొప్ప తీర్థమువంటి కూటమిని జరుపుచున్నది. రిచర్డ్ వాన్‌గ్రన్స్‌వెన్ అను నాతడు 1971లో ఎగురవేసిన ఆర్‌వి-3 మొదలుకొని ఆర్‌వి అను పేరితో ఒక వంశమే బయలుదేరెను. అల్యూమినియపు రేకులును భాగములును పెట్టెలలో ఇంటికి వచ్చును. కొన్నవారు వేలకొలది రివెట్లు వేసి అతుకుకొందురు. ఆ వంశమునకు చెందినవి పదివేలకు పైగా ఎగిరినవి. వేరు వేరు కర్తల నమూనాలు ఇంకను అనేకములు గలవు. ఏ నమూనాను తెప్పించుకొనవలెనన్నది మా మేనకోడలడిగిన మూడు ప్రశ్నలమీదనే ఆధారపడియుండెను.

మొదటి ప్రశ్న చక్రములు మడచుటను గురించినది. పెద్ద విమానములు నేల విడిచిన వెంటనే కాళ్లు లోనికి ముడుచుకొనుట మనమందరము చూచినదే. పక్షులును అట్లే చేయును. కావున నేను గట్టిగా చెప్పితిని: "చేసేదేదో పూర్తిగా చెయ్యి. కాళ్లు వేలాడేసుకుని ఎగరడమంటే చెప్పులు విప్పకుండా పడుకోవడమే." ఆమె మనసును మడచు చక్రములమీదనే యుండెను. "చూడ్డానికి కూడా అందంగా ఉంటుంది మామయ్యా" అనెను.

పుస్తకములు వేరు విధముగా చెప్పినవి. విమానమును వెనుకకు పట్టు గాలి నిరోధము వేగపు వర్గమునుబట్టి పెరుగును. వేగము రెట్టింపయినచో నిరోధము నాలుగింతలగును. దానిని గెలుచుటకు కావలసిన శక్తి ఎనిమిదింతలగును. గంటకు 500 మైళ్లు పోవు విమానమునకు బయట వేలాడు కాలు భరింపరానిది. గంటకు 150 మొదలు 200 మైళ్లవరకు పోవు చిన్నవిమానమునకు అట్లు గాదు. కాలు సన్ననిదై, చక్రమునకు నీటిబొట్టు ఆకారము గల తొడుగున్నచో, మడచుటవలన కలసివచ్చు వేగము కొద్దిపాటిది. దానికై చెల్లింపవలసినది మాత్రము కొద్దిపాటిది గాదు. మడచు యంత్రమునకు బరువు గలదు. చక్రము దాగుటకు గుంట కావలెను. గుంట పెట్టినచోట మరల బలము కూర్పవలెను. కట్టుపని నెలలకొలది సాగును. వీనియన్నిటికంటె పెద్దది మరియొకటి గలదు: మడచిన కాలును చాచుట మరచిపోవచ్చును. మరచి పొట్టమీద దిగినవారు అనుభవహీనులు మాత్రమే గాదు. పైలట్లలో రెండే తెగలు గలవని వారిలో ఒక వాడుక: ఒకసారి మరచినవారు, ఇంకను మరవనివారు.

నమ్మదగిన స్థిరమగు కాలు ఎట్లుండవలెనో చూపినవాడు స్టీవ్ విట్మన్ అను విస్కాన్సిన్ వాసి. ఆతడు పందెపు విమానములు కట్టుకొని తానే నడిపినవాడు. ఉక్కుబద్దను వంచి కాలుగా బిగించెను. నేల తగిలినప్పుడు అది విల్లువలె వంగి మరల నిలుచును. అందులో చెడిపోవు కీలు లేదు, కారిపోవు నూనె లేదు. 1940లలో సెస్నా సంస్థవారు ఆ ఉపాయమును గైకొని తమ విమానములకు వాడిరి. ఆర్‌వి వంశములోనివాటికిని కాళ్లు స్థిరములే. వానిలో చాలవాటికి అవి సన్నని ఉక్కుకడ్డీలు.

నా మొదటి ఆయుధము ఈ విధముగా విరిగినది. సాధనమొకటి హెచ్చినచో క్షేమమును హెచ్చునని నేను నమ్మియుంటిని. హెచ్చిన ప్రతి సాధనమును జ్ఞాపకముంచుకొనవలసిన మరియొక పని యని గ్రహింపలేదు. "మడవని చక్రం మరచిపోవటానికి వీల్లేదు మామయ్యా" అని ఆమె ముందుగా తేల్చుకొనెను. నేను వెనుకగా ఒప్పుకొంటిని.

రెండవ ప్రశ్నకడ మేము నిజముగా పోట్లాడితిమి.

1903 డిసెంబరు 17న ఎగిరిన రైట్ సోదరుల విమానమునకు చక్రములే లేవు. పట్టామీదుగా పోయి లేచినది. కొయ్యబద్దలమీద ఇసుకలో దిగినది. చక్రములు వచ్చిన తరువాత చాలకాలము చిన్నవిమానములకు రెండు పెద్దచక్రములు ముందును, ఒక చిన్నచక్రమో ఉత్త కొయ్యకాలో తోకక్రిందను ఉండుట వాడుకయయ్యెను. ముక్కుక్రింద మూడవ చక్రము గల పద్ధతి 1950లలో బలపడెను. 1956లో వచ్చిన సెస్నా 172 ఈ పద్ధతిదే. మా మేనకోడలు నేర్చుకొన్నది దానిమీదనే.

భేదమంతయు గరిమనాభి యెచ్చటనున్నదన్నదానిలో నున్నది. రెండుచక్రముల బండిని ముందునుండి ఎద్దు లాగుచుండగా, కొంచెము పెడదారి పట్టినను బండి తనంతట తిన్ననగును. అదే బండిని వెనుకనుండి కాడిపట్టి తోయుడు. ఏమాత్రము ప్రక్కకు తిరిగినను ఆ తిరుగుడు క్షణక్షణమునకు పెరుగునే గాని తగ్గదు. ముక్కుచక్రము గల విమానమున బరువు పెద్దచక్రములకు ముందుండును. అది లాగిన బండి. తోకచక్రము గల విమానమున బరువు వాని వెనుకనుండును. అది తోసిన బండి. ప్రక్కగాలి వీచుచుండగా దిగి, పాదముల యేమరుపాటు ఒక్క క్షణమున్నచో, తోక ముందుకు రావలెనని ప్రయత్నించును. విమానము నేలమీదనే గిరుక్కున తిరిగి రెక్కకొన నేల తాకును. వేగముగా పోవునప్పుడు కాదు, దిగిన తరువాత, ఇక భయము లేదని గుండె కుదుటపడిన తరువాత జరుగు ప్రమాదమది.

ఇంత చదివి నేను జయించితిననుకొంటిని. ఐనను ఆమె తోకచక్రమును విడువలేదు. దానికిని న్యాయముగల పక్షము లేకపోలేదు. తోకచక్రము చిన్నది, తేలికయైనది, గాలికి తక్కువ అడ్డు. ముక్కు ఎత్తుగా నుండుటచే ప్రొపెల్లరు నేలకు దూరముగా నుండును. గతుకుల గడ్డినేలమీద ఇది మేలు. ముక్కుచక్రపు సన్నని కాలు అట్టి నేలలో గుంటలో చిక్కి వంగినచో విమానము తలక్రిందగుటయు కలదు. ఈ వాదములన్నియు ఆమె చెప్పెను. అన్నియు నిజములే. అయినను ఆమె కంఠములో మరియొకటి వినబడెను. గ్రుచ్చి అడుగగా చెప్పెను:

"ఇక్కడ తోకచక్రం నడిపినవాళ్లే అసలైన పైలట్లని ఒక పట్టు ఉంది మామయ్యా. అసలే మా క్లబ్బులో ఆడవాళ్లం ఇద్దరం. ముక్కుచక్రం పెట్టుకుంటే, ఆడది కాబట్టి తేలిక దారి పట్టిందంటారు."

నేను వెంటనే బదులు చెప్పలేకపోయితిని. ఏలయనగా ఆ జబ్బు నాకును గలదు. నలుగురికి తెలిసిన మాట ఉండగా కఠినమైన మాట వాడి, ఎదుటివాడు తెల్లబోవగా లోలోపల సంతసించు పండితుల నడుమ నేను పెరిగితిని. ఈ వ్యాసము వ్రాయుచున్న భాషయే అందుకు సాక్ష్యమని నా విద్యార్థులు నవ్వుదురు. కష్టమైనది గనుక గొప్పదనుట మన పాఠశాలలలో ఎంత పాతదో, ఆ దేశపు విమానశాలలలోను అంత పాతదని తెలిసినప్పుడు నాకు కొంచెము ఊరటయు కొంచెము సిగ్గును కలిగినవి.

కట్టకడకు నేనిట్లంటిని: "తల్లీ, ఎవరు చూస్తారన్నది పక్కన పెట్టు. ఎక్కడెక్కడ దిగుతావో ఒక కాగితం మీద రాయి. ఏడాదిలో ఎన్నిసార్లు దిగుతావో పక్కన అంకె వెయ్యి."

రెండువారములకు ఆ కాగితము వచ్చెను. ఆమె ఇంటికి దగ్గర విమానాశ్రయమున గట్టి రన్‌వే యొక్కటే గలదు. గాలి తరచుగా దానికి అడ్డముగా వీచును. నూరుసార్లు దిగినచో తొంబది అచ్చటనే. గడ్డినేలమీద దిగునది ఏటికి నాలుగైదు మారులు. కాగితము అడుగున ఆమె ఒక్క మాట వ్రాసెను: "ముక్కుచక్రం." దాని క్రింద మరియొక పంక్తి: "గడ్డినేల మీద దిగేటప్పుడు కర్ర వెనక్కి లాగి పట్టి, ముక్కు భారం చక్రం మీద పడకుండా చూడాలి. గతుకులుంటే దిగకూడదు." లోకాభిప్రాయమును త్రోసిపుచ్చుట ఒక ధైర్యము, తానెన్నుకొన్నదానిలోని లోపమును తన చేతితో వ్రాసికొనుట మరియొక ధైర్యము. రెండవది అరుదని నా అనుభవము.

ఇక మూడవ ప్రశ్న. దీనికడకు వచ్చునప్పటికి నేను ఆయుధములు వెదకుట మానితిని. నిజముగానే తెలిసికొనగోరితిని.

వేగముగా పోవుటకై గాలికి అడ్డులేకుండ నున్నగా చేసిన విమానము దిగవలసినప్పుడు దిగదు. ఇంజను తగ్గించినను, నున్నని గచ్చుమీద వదలిన గోళివలె జారుచునే యుండును. లెక్కకై చూతము. ఒక విమానము పది అడుగులు ముందుకు పోవుచు ఒక అడుగు దిగునని అనుకొందము. రన్‌వే మొదట 50 అడుగుల చెట్టున్నచో, చెట్టు దాటిన తరువాత నేలకు చేరులోపల 500 అడుగుల నేల వృథాయగును. నిరోధమును పెంచి, అయిదడుగులకు ఒక అడుగు దిగునట్లు చేయగలిగినచో, 250 అడుగులే పోవును. తొందరపడి ముక్కు వంచి దిగజూచినచో వేగము పెరుగును. దిగు వేగము నూటికి పది హెచ్చినచో, ఆపవలసిన శక్తి నూటికి ఇరువదియొకటి హెచ్చును. కావున నిట్టనిలువుగా, అయినను మెల్లగా దిగవలెను. ఈ రెండును ఒకదానికొకటి విరుద్ధములు. ఆ విరోధమును తీర్చునవే దిగు సాధనములు.

అన్నిటిలో వాడుకయైనది ఫ్లాపు, అనగా రెక్క వెనుక అంచున క్రిందికి వంగు పలక. అది పైకెత్తు బలమును పెంచి విమానమును మెల్లగా ఎగురనిచ్చును. నిరోధమును పెంచి నిట్టనిలువుగా దిగనిచ్చును. దీనిలో ఒక రకమునకు, రెక్క అడుగుపలక మాత్రము విడివడి వంగు రకమునకు, 1924లో హక్కుపత్రము పొందిన యిద్దరిలో ఒకడు ఆర్విల్ రైట్. ఈ సంగతి చదివి పుస్తకము మూసి కొంతసేపు కూర్చుంటిని. మానవుడు యంత్రబలముతో తొలిసారి ఎగిరినప్పుడు విమానమునందున్నవాడు ఆతడే. ఎగురుట నేర్పినవాడు ఇరువది యేండ్లు గడచిన తరువాతను తలపోయుచుండినది దిగుటను గురించి.

ఫ్లాపులకు తావులేని విమానములును గలవు. బర్ట్ రూటన్ రచించిన లాంగ్-ఈజీ 1979లో ఎగిరెను. 1986లో నడుమ ఎచ్చటను ఇంధనము పోసికొనక భూగోళమును చుట్టివచ్చిన వాయేజరును రచించినవాడును ఈతడే. లాంగ్-ఈజీకి పెద్దరెక్క వెనుకను, చిన్నరెక్క ముందును ఉండును. వెనుకరెక్కకు ఫ్లాపు పెట్టినచో ముక్కు క్రిందికి వాలును. ముందున్న చిన్నరెక్క దానిని నిలుపజాలదు. కావున ఆతడు విమానపు పొట్టక్రింద ఒక పలక నమర్చెను. దిగునప్పుడు అది తలుపువలె తెరచుకొని గాలికి అడ్డముగా నిలుచును. అంతే దాని పని. పెద్దచక్రముల కాళ్లు స్థిరములు. ముక్కుచక్రము మాత్రము మడుచును. మనిషి దిగిపోయిన తరువాత బరువు వెనుకకు పోయి విమానము వెల్లకిల పడకుండుటకు ఆ ముక్కుచక్రమును మడచి, మోకరిల్లిన ఒంటెవలె దానిని నిలుపుదురు. ఒక్కొక్క కర్త ఒక్కొక్క ఇక్కట్టునకు వెదకిన దారి చూడగా, మంచి వ్యాఖ్యానము చదివినంత ఆనందము కలిగెను.

ఏ పలకయు అక్కరలేని సాధనము మరియొకటి గలదు. తోకచుక్కానిని ఒకవైపునకును, రెక్కలను మరియొకవైపునకును త్రిప్పినచో విమానము ఏటవాలుగా ప్రక్కకు జారుచు దిగును. దాని ప్రక్కభాగమంతయు గాలికి అడ్డుపడును. ఫ్లాపులు లేని పాతకాలపు పైలట్లు ఇట్లే దిగిరి. ఇది కొనునది గాదు, నేర్చుకొనునది.

సాధనము ఎంత ముఖ్యమో దాని మీట ఉన్న చోటును అంత ముఖ్యము. జాన్ డెన్వర్ అను గాయకుడు 1997 అక్టోబరులో లాంగ్-ఈజీ నడుపుచు సముద్రమున కూలి మరణించెను. దానిని కట్టినవారు ఇంధనపు తొట్లు మార్చు మీటను, నమూనాలో చూపినచోట గాక, నడుపువాని ఎడమభుజము వెనుక పెట్టిరి. దానిని త్రిప్పుటకై వెనుకకు తిరుగు యత్నములో విమానము అదుపు తప్పినదని విచారణచేసినవారు తేల్చిరి. ఆయన కట్టినది గాదు, కొన్నది. ఇంటిలో కట్టువాని చేతిలోని స్వాతంత్ర్యము ఎవరి ప్రాణముమీదికి వచ్చునో కట్టునాడు తెలియదు. ఈ సంగతిని నేను ఆమెకు దాచక చెప్పితిని. ఆమెకు ముందే తెలియును. "అందుకే ఫ్లాపుల మీట చూడకుండా తడిమితే దొరికేలా పెడుతున్నాను" అనెను. ఫ్లాపులును, ప్రక్కకు జారు విద్యయు, ఈ రెండే ఆమె నిర్ణయము. ఆ రెండవదానికై ఒక ముసలి గురువుకడ అభ్యాసము మొదలుపెట్టినది.

ఆ సంభాషణ ముగియుచుండగా నాకొక పాత సంగతి జ్ఞప్తికి వచ్చెను. ఆమె పన్నెండవ తరగతి తరువాత వ్రాసిన ప్రవేశపరీక్షలో అనుకొన్న ర్యాంకు రాలేదు. ఆమెకు చదువు చెప్పినది నేను. నా పేరు పోయినట్లు భావించితిని. "ఇంత చెప్పి ఇంతేనా" అని ఒక్క మాట యని వచ్చివేసితిని. మూడుదినములు ఆ పిల్ల గదిలోనుండి వెలుపలికి రాలేదు. ఎక్కుట యొక్కటే నేను నేర్పియుంటిని. ఎత్తునుండి ఎట్లు దిగవలెనో, ఎముక విరుగక నేల నెట్లు తాకవలెనో నేనెరుగను గనుక నేర్పలేదు. మన ఇండ్లలో, మన బడులలో పిల్లలను ఎక్కించు నిచ్చెనలెన్ని! దింపు మెట్టొకటి యైనను గలదా? ఏటేట పరీక్షాఫలితముల మరునాడు పత్రికలలో మనము చదువు దుఃఖవార్తలు దిగరాని ఎత్తునకు ఎక్కించినవారి కథలే గదా.

ఆ మాట ఆమెతో అంటిని. క్షమింపుమని అడుగుట నా వయసువానికి సులభము గాదు; అయినను అడిగితిని. ఫోనులో కొంతసేపు మౌనము. తరువాత అనెను: "గుర్తుంది మామయ్యా. ఆ మూడు రోజులూ అమ్మ ఒక్క మాట కూడా అనలేదు. కంచం తెచ్చుకుని పక్కన కూర్చునేది. నేను తినకపోతే తనూ తినేది కాదు. మూడో రోజు ఆవిడ కోసం తిన్నాను."

ఐదవ తరగతి చదివిన మా అక్కకు దిగువిద్య అప్పుడే తెలిసియుండెను. "దిగడం మాటేమిటి" అని ఆమె అడిగినది బెదరి గాదు, ఎరిగి. నేను చదివిన పుస్తకములన్నియు ఆ ఒక్క ప్రశ్నకు వ్యాఖ్యానములు.

పోయిన పండుగకు అక్క యింటికి పోయి, చాపమీద కూర్చుండి, ఇదంతయు చెప్పితిని. పెసరగింజలు పోసి ముక్కుచక్రమును, అగ్గిపెట్టె పెట్టి రెక్కను చూపితిని. మానిపింపలేకపోయితినని ఒప్పుకొంటిని, మానిపించు న్యాయము నాకు దొరకలేదనియు చెప్పితిని. అపాయము లేదని మాత్రము చెప్పలేదు. ఉన్నది. ఆమె దానిని కన్నులు తెరచి కొలిచినదని చెప్పితిని. అక్క అంతయు విని, గింజలు చేటలోనికి ఎత్తుచు, "ఆ అబ్బాయి సాయం చేస్తున్నాడా?" అనెను. చేయుచున్నాడు. మేడయెక్కినను కన్నుతిరుగు మనిషి అతడు. అయినను ఆమె ఒకవైపున రివెట్టు కొట్టుచుండగా రెండవవైపున ఇనుపదిమ్మె అదిమి పట్టుకొని నిలుచుచున్నాడు. ఆ పనికి ఇద్దరు కావలెను. ఈ మాట అక్కకు నచ్చినట్లు తోచెను.

విమానము ఇంకను పూర్తికాలేదు. తోకభాగమును ఒక రెక్కయు అయినవి. రెండవ రెక్క బల్లమీద నున్నది. ఎగురుటకు ఇంకను రెండేండ్లు పట్టవచ్చును. అక్క సమ్మతించినదని నేను చెప్పజాలను. లేచివచ్చుచుండగా గుమ్మముకడ ఆమె యన్నది ఇంతే:

"ఎక్కేటప్పుడు నాకు చెప్పవద్దను. దిగాక చెప్పమను. ఎంత రాత్రయినా సరే, మెలకువగానే ఉంటాను."